పదో తరగతిలో తేల్చవలసినవి, వాయిదా వేయవలసినవి: కాలిఫోర్నియా విద్యార్థిని ఒకరి కేస్ స్టడీ

ఈ కేసు 2024 నవంబరు మొదట్లో నా దగ్గరకు వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి చదువుతున్న అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు కలిసి వచ్చారు. తండ్రి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తల్లి ఒక చిన్న సంస్థలో ఖాతాలు చూస్తారు, తమ్ముడు ఏడో తరగతిలో ఉన్నాడు. కుటుంబానికి గ్రీన్ కార్డు ఉంది. అమ్మాయి 2027లో హైస్కూలు పూర్తిచేసి అదే ఏడాది కాలేజీలో చేరాలి. కాలేజీ ప్రవేశాల విషయంలో కుటుంబాలకు సలహా ఇవ్వడం నా వృత్తి. ఈ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను, వారిని గుర్తుపట్టగల వివరాలు మాత్రం మార్చాను.

తండ్రి ప్రశ్నలన్నీ వరుసగా రాసుకుని తెచ్చారు. కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీకి సాధనగా అక్టోబరులో రాసిన పీఎస్‌ఏటీలో 1180 వచ్చింది, ఇది ఎంత నష్టం? తొమ్మిదో తరగతి బయాలజీలో ఒక సెమిస్టరుకు సీ గ్రేడు వచ్చింది, దాన్ని ఎలా సరిచేయాలి? పదకొండులో ఐదు ఏపీ కోర్సులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) సరిపోతాయా, ఆరు కావాలా? వేసవిలో ప్రీకాలిక్యులస్ ముగించి పదకొండులో కాలిక్యులస్ బీసీకి వెళ్లడం మంచిదేనా? డబ్బు కట్టి చేరే ఆన్‌లైన్ రీసెర్చ్ ప్రోగ్రాం తీసుకోవాలా? ఏ కాలేజీలకు దరఖాస్తు చేయాలో జాబితా ఇప్పుడే వేయగలరా? ఇవన్నీ అయ్యాక, అప్పటిదాకా మౌనంగా కూర్చున్న అమ్మాయి ఒక్కటే అడిగింది: "ఆంటీ, వీటిలో ఇప్పుడే చేయాల్సినవి ఏవి?"

ఈ కేసులో నేను చేసిన పనంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే. పదో తరగతిలో చేయగలిగిన పనులు వందలున్నాయి. వాటిలో ఈ ఏడాది దాటితే మళ్లీ చేతికి రానివి కొన్నే. మిగతావాటిని ఏడాది తర్వాత చేసినా నష్టం ఉండదు, కొన్నింటికైతే లాభమే. ఆందోళనలో ఉన్న కుటుంబాలకు ఈ రెండూ ఒకే బరువుతో కనిపిస్తాయి. రెండో రకం పనులు మొదటి రకానికి కావలసిన గంటలను తినేస్తుంటే చూసి నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ మూల్యం చెల్లించేది పదిహేనేళ్ల పిల్లలు.

గ్రేడ్ల లెక్క

కుటుంబం ప్రధానంగా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌ల మీద ఆశ పెట్టుకుంది కనుక అక్కడినుంచే మొదలుపెట్టాను. యూసీ ప్రవేశాల కోసం లెక్కించే జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, తొమ్మిదో తరగతి గ్రేడ్లు చేరవు. తొమ్మిది పూర్తయిన తర్వాతి వేసవి నుంచి పదకొండు పూర్తయిన తర్వాతి వేసవి వరకు, ఏ-జీ జాబితాలోని (యూసీ కోరే ఏ నుంచి జీ వరకు ఏడు సబ్జెక్టు విభాగాల) కోర్సుల్లో వచ్చిన గ్రేడ్లే లెక్కకు వస్తాయి. తొమ్మిదిలో తీసుకున్న కోర్సుల్లో కనీసం సీ వస్తే ఆ సబ్జెక్టు పూర్తయినట్టే. బయాలజీలో వచ్చిన సీ దరఖాస్తులో కనిపిస్తుంది, జీపీఏను మాత్రం తగ్గించదు. తొమ్మిదో తరగతిని కూడా లెక్కించే ప్రైవేటు కాలేజీలు ఉన్నాయని, అక్కడ ఆ సీ తర్వాత గ్రేడ్లు ఎలా సాగాయో చూస్తారని వివరించాను.

ఏడాదిగా ఇంట్లో నడిచిన గొడవ ఈ ఒక్క వివరంతో సగం చల్లబడింది, కానీ అదే వివరానికి రెండో వైపు కూడా ఉంది. లెక్కకు వచ్చేవి రెండేళ్ల గ్రేడ్లే అయితే, అందులో సగం ఇప్పుడు నడుస్తున్న ఏడాదివే. పైగా యూసీ నియమం ప్రకారం డీ గానీ ఎఫ్ గానీ వచ్చిన కోర్సును తిరిగి చదివితేనే కొత్త గ్రేడును లెక్కలోకి తీసుకుంటారు. సీ వచ్చిన కోర్సును ఎన్నిసార్లు తిరిగి చదివినా పాత సీ అలాగే ఉంటుంది. ఆనర్స్ ఆల్జీబ్రా 2లో అమ్మాయి అప్పటికి సీ, డీ అంచున ఊగిసలాడుతోంది. తండ్రి తెచ్చిన జాబితాలో ఆ సంగతి లేనే లేదు.

డిసెంబరులో మొదటి సెమిస్టరు ముగిసేసరికి గ్రేడ్లు ఇలా ఉన్నాయి: ఇంగ్లీషులో ఏ, ఏపీ వరల్డ్ హిస్టరీలో బీ, ఆనర్స్ కెమిస్ట్రీలో బీ, ఆనర్స్ ఆల్జీబ్రా 2లో సీ, స్పానిష్ 2లో ఏ, ఏపీ కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్‌లో ఏ, పీఈలో (వ్యాయామ విద్యలో) ఏ. స్కూలు పోర్టల్‌లో వెయిటెడ్ జీపీఏ 4.0 అని కనిపించింది, తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. అదే ట్రాన్స్‌క్రిప్టును యూసీ పద్ధతిలో లెక్కేసి చూపించాను. పీఈ ఏ-జీ కోర్సు కాదు కనుక పక్కకు పోయింది. మిగిలిన ఆరు కోర్సులకు, ఏకు 4, బీకి 3, సీకి 2 చొప్పున, 4, 3, 3, 2, 4, 4 కలిపితే 20 పాయింట్లు. స్కూలు నాలుగు కోర్సులకు అదనపు పాయింటు ఇస్తోంది, కానీ యూసీ దృష్టిలో ఆనర్స్ అంటే ఏపీ, ఐబీ, బదిలీకి అర్హమైన కాలేజీ కోర్సులు, వాటితోపాటు యూసీ ప్రత్యేకంగా ఆమోదించిన స్కూలు ఆనర్స్ కోర్సులు మాత్రమే. పేరులో ఆనర్స్ ఉన్నంత మాత్రాన ఆమోదం ఉన్నట్టు కాదు. ఈ స్కూల్లోని ఆనర్స్ కెమిస్ట్రీకీ ఆనర్స్ ఆల్జీబ్రా 2కీ ఆ ఆమోదం లేదు. రెండు ఏపీలకు రెండు పాయింట్లు కలిపితే 22, ఆరుతో భాగిస్తే 3.67.

ఏ స్కూల్లో ఏ కోర్సుకు ఆనర్స్ గుర్తింపు ఉందో యూసీ వెబ్‌సైటులోని ఏ-జీ కోర్సు జాబితాలో స్కూలు పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. పదో తరగతి పిల్లలున్న ప్రతి కాలిఫోర్నియా కుటుంబమూ ఒక సాయంత్రం కూర్చుని ఈ పని చేయాలని గట్టిగా కోరుతున్నాను. ప్లస్, మైనస్ గుర్తులను యూసీ పట్టించుకోదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఏ-మైనస్ అయినా ఏ-ప్లస్ అయినా 4 పాయింట్లే. బీ ప్లస్‌లో ఉన్న పిల్లలు మరి కాస్త శ్రమపడితే ఆ సెమిస్టరులో ఒక పూర్తి పాయింటు కలుస్తుంది. 95 శాతం దగ్గర ఉన్న కోర్సులో 98 కోసం తపించే గంటలకు ఈ లెక్కలో ఫలితం శూన్యం.

ఆల్జీబ్రా

కేసులో అసలు ముడి ఇక్కడే ఉంది కనుక కొంత వివరంగా రాస్తాను. అమ్మాయి గణితంలో బలహీనురాలని ఇంట్లో తీర్మానించేశారు. నాకలా అనిపించలేదు. పాత పరీక్ష పేపర్లు తెప్పించి చూస్తే తప్పులన్నీ రెండు చోట్ల పోగుపడి ఉన్నాయి: ప్రమేయాలను ఒకదానిలో ఒకటి ప్రతిక్షేపించడం, ఘాతాంకాల నియమాలు. మిగతా అధ్యాయాల్లో ఆమె పని శుభ్రంగా ఉంది. ఘాతాంకాలు నిలదొక్కుకోకుండా రెండో సెమిస్టరులో వచ్చే లాగరిథమ్‌లు అర్థం కావు, లాగరిథమ్‌లు లేకుండా ప్రీకాలిక్యులస్ సాగదు. తండ్రి ప్రతిపాదించినట్టు వేసవిలో ప్రీకాలిక్యులస్‌ను కొన్ని వారాల్లో ముగించి కాలిక్యులస్ బీసీలో కూర్చోబెడితే, పునాదిలోని ఆ ఖాళీ మీద రెండు అంతస్తులు లేపినట్టయ్యేది.

స్నేహితుల పిల్లలు పదకొండులోనే కాలిక్యులస్ చదువుతున్నారు కదా అని ఆయన అడిగారు. అడగదగిన ప్రశ్నే. ఇంజనీరింగ్ కోరుకునేవారు పన్నెండో తరగతి ముగిసేలోగా కాలిక్యులస్ చదివి ఉండటం మంచిదన్నది నిజం. పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాలిక్యులస్, పన్నెండులో కాలిక్యులస్ అన్న వరుస ఆ అవసరాన్ని తీరుస్తుంది. పదకొండో తరగతి గ్రేడ్లు జీపీఏలో చేరతాయి, పన్నెండువి చేరవు. అలాంటప్పుడు అతి కష్టమైన గణిత కోర్సును పునాది గట్టిపడకముందే పదకొండులోకి లాక్కురావడం వల్ల ఈ అమ్మాయికి ఒరిగేది లేదని చెప్పాను. పదిలోనే ప్రీకాలిక్యులస్‌ను తేలిగ్గా చదివేస్తున్న పిల్లవాడికైతే నా సలహా వేరుగా ఉండేది.

జనవరి నుంచి చేసిన మార్పు చాలా సాదాగా ఉంది. ప్రతి వారం గణితం టీచరు ఆఫీస్ అవర్స్‌కు (తరగతి బయట సందేహాలు తీర్చే సమయానికి) వెళ్లడం, వెళ్లేటప్పుడు తాను చేసి తప్పిన లెక్కనే తీసుకెళ్లడం, టీచరు అనుమతించిన చోట పరీక్ష తిరిగి రాయడం. ట్యూషన్ పెట్టించాలని తల్లి అన్నారు. ముందు టీచరు దగ్గర ప్రయత్నిద్దామని నేను కోరాను. పరీక్ష పెట్టేది, గ్రేడు వేసేది ఆ టీచరే, పిల్ల ఎక్కడ తడబడుతోందో చూడగలిగేదీ ఆయనే.

వారంలో గంటలు

ఆఫీస్ అవర్స్‌కు సమయం ఎక్కడుందన్న ప్రశ్న వెంటనే వచ్చింది. ఒక వారం పాటు గంట గంటకూ ఏం చేసిందో రాసి తెమ్మని అమ్మాయికి చెప్పాను. రోబోటిక్స్, డిబేట్, వయొలిన్, కూచిపూడి, శనివారం ఎస్‌ఏటీ కోచింగ్, ఆదివారం రీసెర్చ్ ప్రోగ్రాం పరిచయ తరగతులు. చాలా రాత్రులు ఆరు గంటల లోపే నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సిఫార్సు. హైస్కూళ్లు ఉదయం 8:30కు ముందు మొదలు కాకూడదని కాలిఫోర్నియా చట్టమే చేసింది, 2022 జులై నుంచి అది అమల్లో ఉంది. అలా ఉదయం మిగిలిన సమయాన్ని కూడా రాత్రి హోంవర్కులోకి మళ్లిస్తే చట్టం ఉద్దేశం ఇంట్లో నెరవేరదు.

ముందుగా ఎస్‌ఏటీ కోచింగ్ ఆపమన్నాను, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం దీనికే వచ్చింది. నా కారణాలు ఇవి. యూసీ క్యాంపస్‌లు ప్రవేశ నిర్ణయాల్లో ఎస్‌ఏటీని అసలు చూడవు. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్, కాల్‌టెక్, డార్ట్‌మత్ వంటివి స్కోరును మళ్లీ తప్పనిసరి చేశాయి కనుక ఆ పరీక్షను ఆమె పూర్తిగా వదిలేయలేదు. అయితే ఎస్‌ఏటీ గణితంలో అధిక భాగం ఆల్జీబ్రా 2 దాకా నేర్చుకునే విషయమే. ఆ కోర్సు సగంలో, అదీ సీ గ్రేడుతో ఉన్నప్పుడు శనివారాలను కోచింగ్‌కు ఇవ్వడం కంటే, అదే సమయం ఆల్జీబ్రాకు ఇస్తే గ్రేడూ పెరుగుతుంది, తర్వాత స్కోరూ పెరుగుతుంది.

పీఎస్‌ఏటీ విషయం ఇంకా సులువుగా తేలింది. 1180లో రీడింగ్, రైటింగ్ భాగానికి 620, గణితానికి 560. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ పోటీ కోసం వాడే సెలెక్షన్ ఇండెక్స్‌లో మొదటి భాగాన్ని రెట్టింపు చేసి గణితాన్ని కలిపి పదితో భాగిస్తారు, అంటే ఈమెది 180. గరిష్ఠం 228. కాలిఫోర్నియాలో సెమీఫైనలిస్టు హద్దు ఈ మధ్య సంవత్సరాల్లో 220 దాటే ఉంటోంది. కానీ మామూలు నాలుగేళ్ల హైస్కూలు పిల్లలకు పోటీలో లెక్కకు వచ్చేది పదకొండో తరగతి అక్టోబరులో రాసే పరీక్ష మాత్రమే. పదిలో రాసింది సాధన కింద లెక్క. ఆ స్కోరును ఏ కాలేజీ అడగదు.

ఇక రీసెర్చ్ ప్రోగ్రాం. కొన్ని వేల డాలర్లు కట్టించుకుని, చివర్లో పిల్లల పేరుతో ఒక పేపరు వచ్చేలా చూస్తామనే పథకాల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. పిల్లలే వేసుకున్న ప్రశ్న వెనుక పరిశోధన నడిస్తే దానికి విలువ ఉంటుంది. ఈ అమ్మాయికి ఇచ్చిన అంశం ఆమె ఎంచుకున్నది కాదు, దాని గురించి రెండు నిమిషాలు ఉత్సాహంగా మాట్లాడలేకపోయింది కూడా. చేరవద్దని సూటిగానే చెప్పాను.

మిగతావాటిలో ఏవి ఉంచుకోవాలో నేను చెప్పలేదు. అమ్మాయినే తేల్చుకోమన్నాను. కూచిపూడి, రోబోటిక్స్ ఉంచుకుని డిబేట్ వదిలేసింది, వయొలిన్‌ను ఇంట్లో ఇష్టమున్నప్పుడు వాయించడానికి పరిమితం చేసుకుంది. వయొలిన్ క్లాసులు ఆపినందుకు తల్లి బాధపడ్డారు, ఆ బాధ సహజం. ఎన్నో ఏళ్లు ఆమే కారులో తిప్పారు.

ఫిబ్రవరి కాగితం

పదో తరగతిలో అన్నిటికంటే ముఖ్యమైన పత్రం ఏదని అడిగితే, ఫిబ్రవరిలో స్కూలు ఇచ్చే పదకొండో తరగతి కోర్సుల ఎంపిక పత్రమని చెబుతాను. చాలా ఇళ్లలో దాన్ని చివరి రాత్రి నింపుతారు. మేము జనవరిలోనే మొదలుపెట్టాం.

మొదట ఏ-జీ జాబితాను పక్కన పెట్టుకుని ఏం మిగిలిందో చూశాం. యూసీకి పదిహేను ఏడాది కోర్సులు కావాలి, వాటిలో పదకొండు పదకొండో తరగతి ముగిసేలోగా పూర్తికావాలి. చరిత్ర, ఇంగ్లీషు, గణితం, సైన్సు, భాష సరిగానే నడుస్తున్నాయి. దృశ్య, ప్రదర్శన కళల కింద ఒక ఏడాది కోర్సు కావాలన్న ఎఫ్ విభాగం మాత్రం ఖాళీగా ఉంది. తొమ్మిదిలో ఆర్ట్ బదులు కంప్యూటర్ కోర్సు తీసుకుంది. ఆరేళ్ల వయసు నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది కదా, అది సరిపోతుందని ఇంట్లో అనుకున్నారు. బయట గురువుగారి దగ్గర నేర్చుకున్న నాట్యాన్ని దరఖాస్తులో కార్యకలాపాల కింద గర్వంగా రాసుకోవచ్చు, ఎఫ్ విభాగం మాత్రం ఆమోదం పొందిన స్కూలు కోర్సుతో గానీ కాలేజీ కోర్సుతో గానీ పూర్తికావాలి. సంగీతం, నాట్యం నేర్చుకుంటున్న మన పిల్లల ఇళ్లలో ఈ పొరపాటు అభిప్రాయం నాకు తరచుగా ఎదురవుతుంది, ఒక్కోసారి పన్నెండో తరగతిలో.

దీనికి దారి కమ్యూనిటీ కాలేజీలో దొరికింది. బదిలీకి అర్హమైన ఒక సెమిస్టరు కాలేజీ కోర్సును యూసీ ఒక ఏడాది హైస్కూలు కోర్సుతో సమానంగా తీసుకుంటుంది. హైస్కూల్లో ఉంటూనే పార్ట్‌టైముగా చేరే కాలిఫోర్నియా పిల్లలకు అక్కడ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఉండదు. స్కూలు కౌన్సెలరు సంతకంతో అనుమతి పత్రం కావాలి. వేసవికి నాట్య చరిత్ర కోర్సు ఎంచుకున్నాం. కాలేజీ గ్రేడు శాశ్వతమైన కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మీద పడుతుందని, వేసవి సెలవుల కోర్సే కదా అని తేలిగ్గా తీసుకోవద్దని ముందే హెచ్చరించాను.

తర్వాత ఏపీల సంఖ్య. తండ్రి వేసుకున్న ముసాయిదాలో యూఎస్ హిస్టరీ, ఇంగ్లీష్ లాంగ్వేజ్, ఫిజిక్స్ 1, కంప్యూటర్ సైన్స్ ఏ, కాలిక్యులస్ బీసీ అని ఐదు ఏపీలున్నాయి. యూసీ తన క్యాప్డ్ జీపీఏలో ఆనర్స్ పాయింట్లను మొత్తం ఎనిమిది సెమిస్టర్లకే ఇస్తుంది, అందులో పదో తరగతివి నాలుగుకు మించకూడదు. ఈ అమ్మాయి పదిలోని రెండు ఏపీలతో ఆ నాలుగూ వాడేసింది. పదకొండులో రెండు ఏడాది ఏపీలు తీసుకుంటే మిగతా నాలుగూ నిండుతాయి. మూడోది, నాలుగోది తీసుకుంటే ఆ సంఖ్య పెరగదు. అయితే సంఖ్యతోనే పని ముగియదు. యూసీ సమగ్ర పరిశీలనలో 13 అంశాలున్నాయి, కోర్సుల కాఠిన్యం వాటిలో ఒకటి, స్కూల్లో అందుబాటులో ఉన్నవాటిలో విద్యార్థి ఏం ఎంచుకున్నదీ చూస్తారు. కాబట్టి రెండుతో ఆగడం అందరికీ సరైన సలహా కాదు. ఆల్జీబ్రాను నిలబెట్టుకుంటున్న, నిద్రను తిరిగి సంపాదించుకుంటున్న ఈ అమ్మాయికి అది సరిపోతుందని నా నిర్ణయం.

ఆ రెండు ఏవన్నది అమ్మాయి మాటల్లోంచే తేలింది. ఏపీ కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్ కోసం ఆమె ఒక చిన్న ప్రోగ్రాం రాసింది, కార్చిచ్చుల పొగ కమ్ముకున్న రోజుల్లో ఊరి గాలి నాణ్యత కొలతలను చూపించే ప్రోగ్రాం. దాని గురించి అడిగితే కోడ్ గురించి రెండు వాక్యాలు చెప్పి, ఒకే ఊళ్లో రెండు పేటల మధ్య కొలతలు ఎందుకంత తేడాగా ఉన్నాయో చాలాసేపు వివరించింది. తండ్రి ఆశ్చర్యంగా వింటూ కూర్చున్నారు. చివరికి పత్రంలో రాసినవి: ఏపీ యూఎస్ హిస్టరీ, ఏపీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, ఆనర్స్ ప్రీకాలిక్యులస్, ఫిజిక్స్, ఇంగ్లీష్ 11, స్పానిష్ 3. ఏడో పీరియడు ఖాళీ. కంప్యూటర్ సైన్స్ ఏను పన్నెండుకు వాయిదా వేశాం.

ఈ విషయంలో తండ్రి ఆందోళనను తేలిగ్గా తీసిపారేయలేదు. పెద్ద యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్‌లోకి లోపలికి వెళ్లాక మారడం ఇప్పుడు కష్టమవుతోంది. బర్క్‌లీలో ఆ మేజరుకు (ప్రధాన సబ్జెక్టుకు) ప్రధానంగా దరఖాస్తు సమయంలోనే నేరుగా ప్రవేశం సంపాదించాలి. శాన్ డియేగోలో 2025లో చేరినవారి నుంచి ఎంపిక కఠినమైన మేజర్లలోకి మారే అవకాశాలను పరిమితం చేశారు. మరోవైపు యూసీఎల్‌ఏ లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీ ప్రవేశ నిర్ణయంలో మేజరును చూడదు, అక్కడి ఇంజనీరింగ్ స్కూలు చూస్తుంది. కాబట్టి మేజరు ఆలోచన పదిలోనే మొదలుకావాలన్న ఆయన మాటతో ఏకీభవిస్తాను. ఆలోచించడానికీ నిర్ణయించడానికీ మధ్య ఈ అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నెలలకు పైగా గడువుంది, ఆ గడువును వాడుకోవాలన్నది నా వాదన.

జనవరి 1

తల్లిదండ్రుల జాబితాలో లేని మరో విషయం ఆదాయ సంవత్సరం. ఫెడరల్ ఆర్థిక సహాయ దరఖాస్తు అయిన ఫాఫ్సా రెండేళ్ల వెనుకటి ఆదాయాన్ని అడుగుతుంది. 2027లో చేరే విద్యార్థికి మొదటి ఏడాది లెక్కలో వచ్చేది 2025 ఆదాయం, అంటే పదో తరగతి మధ్యలో, జనవరి 1న మొదలయ్యే సంవత్సరం. ఈ కుటుంబం హైదరాబాదు శివార్లలోని స్థలాన్ని అమ్ముతోంది. బేరం కుదిరి బయానా కూడా అందింది. ధనుర్మాసం వెళ్లాక, సంక్రాంతి తర్వాత రిజిస్ట్రేషన్ పెట్టుకుందామని ఊళ్లో పెద్దలు అనుకున్నారు. ఇక్కడ పన్ను కట్టే నివాసులకు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన లాభమైనా అమెరికా రిటర్నులో చూపవలసిన ఆదాయమే. ఆ అమ్మకం జనవరిలో జరిగితే ఒకే ఏడాదిలో ఆదాయం అసాధారణంగా పెరిగినట్టు సరిగ్గా ఆ దరఖాస్తులోనే కనిపిస్తుంది.

నేను పన్ను సలహాదారును కాను కనుక వారి సీపీఏ (పన్నులు చూసే అకౌంటెంటు) దగ్గరకు పంపాను. ఆయనతో మాట్లాడాక, ధనుర్మాసం ప్రవేశించకముందే డిసెంబరు మొదటి వారాల్లో రిజిస్ట్రేషన్ ముగించారు. చేతికొచ్చిన డబ్బు ఆస్తిగా లెక్కకు వస్తుంది, అయితే అమ్మకపోయినా ఆ స్థలం ఆస్తిగానే వచ్చేది. తల్లిదండ్రుల ఆస్తుల్లో ఫార్ములా ఏడాదికి అత్యధికంగా 5.64 శాతం వరకే తీసుకుంటుంది, ఆదాయంలో తీసుకునే వాటా అంతకంటే చాలా ఎక్కువ. ఇద్దరి జీతాలున్న ఇంటికి ఫెడరల్ గ్రాంటు ఎలాగూ రాదు కదా అని తండ్రి అన్నారు. నిజమే, కానీ కొన్ని ప్రైవేటు కాలేజీల సొంత సహాయం మధ్య ఆదాయాల దాకా విస్తరించింది. 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం, సాధారణ స్థాయి ఆస్తులు ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఉండదని ఎంఐటీ 2024 నవంబరులోనే ప్రకటించింది. అలాంటి గీతకు అటో ఇటో పడటాన్ని ఒక రిజిస్ట్రేషన్ తేదీ నిర్ణయించకూడదు.

ఇంకా గ్రీన్ కార్డు రాని కుటుంబాల కోసం ఇక్కడొక మాట చెప్పాలి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సహాయం అందదు, జీతమిచ్చే వేసవి ఉద్యోగాలకు వారికి అనుమతి లేదు, ఇరవై ఒకటో ఏట ఆ వీసా ముగుస్తుంది. అయినా హెచ్4 పిల్లలు నియమాల ప్రకారం కాలిఫోర్నియా నివాసాన్ని నిరూపించుకుని యూసీలో రాష్ట్ర నివాసుల ఫీజుకు అర్హత పొందగలరు. నివాసేతరులకు వేసే అదనపు ట్యూషన్ ఏడాదికి 30 వేల డాలర్లకు పైనే ఉంటుంది కనుక, రాష్ట్రం మారే ఆలోచన ఉన్నవారు పదో తరగతిలోనే ఈ లెక్క వేసుకోవాలి.

వాయిదా వేసినవి

కాలేజీల జాబితా వేయలేదు. వ్యాసాల ఊసెత్తలేదు. అనేక కాలేజీలకు కలిపి వాడే దరఖాస్తు అయిన కామన్ యాప్ వ్యాసమైనా, యూసీ అడిగే ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 పదాల చొప్పున ఇచ్చే జవాబులైనా, పదిహేనేళ్ల వయసులో రాసినవి పదిహేడేళ్లకు పనికిరావు. సిఫార్సు లేఖల గురించి ఆలోచించే టీచర్లు పదకొండులో కలుస్తారు. వసంత సెలవుల్లో యూసీ డేవిస్, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు చూసి రమ్మన్నాను. తరగతులు నడుస్తున్న రోజైతే మంచిదని, గైడు వెంట నడవడంతో ఆపకుండా లైబ్రరీలో ఒక గంట కూర్చోమని చెప్పాను. కమ్యూనిటీ కాలేజీ నుంచి ఆరు యూసీ క్యాంపస్‌లకు హామీతో బదిలీ అయ్యే టాగ్ మార్గం ఒకటుందని తండ్రికి తెలియజేశాను. అప్పటికి ఆయన దాన్ని వినడానికి సిద్ధంగా లేరు, నేను పట్టుబట్టలేదు.

2025 ఆగస్టు నాటికి

రెండో సెమిస్టరులో వరల్డ్ హిస్టరీ ఏకు, ఆల్జీబ్రా 2 బీకి పెరిగాయి. కెమిస్ట్రీ బీ దగ్గరే ఆగింది, మిగతా మూడూ ఏ. 22 పాయింట్లకు రెండు ఆనర్స్ పాయింట్లు కలిసి ఆ సెమిస్టరు 4.0 అయింది, ఏడాది మొత్తానికి పన్నెండు గ్రేడ్ల మీద 46 పాయింట్లు, అంటే 3.83. నాట్య చరిత్ర కోర్సు ఏ గ్రేడుతో పూర్తయి ఎఫ్ విభాగం తీరింది. వేసవిలో ఊరి వాగును శుభ్రం చేసే వాలంటీర్ల బృందంతో నీటి నమూనాలు సేకరించడం మొదలుపెట్టింది, ఈ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిద్ర ఏడున్నర గంటల దగ్గరికి వచ్చింది, కావలసినదానికి ఇంకా తక్కువే.

ఈ అంకెలను కుటుంబానికి ఉన్నవి ఉన్నట్టే చూపించాను. బర్క్‌లీ, యూసీఎల్‌ఏలలో ప్రవేశం పొందేవారి జీపీఏలు ఎక్కువగా 4.2కు పైన ఉంటున్నాయి. పదకొండులో అన్నీ ఏలు వచ్చినా ఈమెకు ఆ రెండూ కష్టసాధ్యమే. డేవిస్, శాంటా క్రూజ్, రివర్‌సైడ్, మెర్సెడ్ అందుబాటులో ఉంటాయి, శాంటా బార్బరా పదకొండో తరగతి గ్రేడ్ల మీద ఆధారపడుతుంది. డేవిస్‌లో పర్యావరణ విజ్ఞానం బలంగా ఉందని అమ్మాయే చదివి వచ్చి చెప్పింది.

ఎస్‌ఏటీ సాధన ఆగస్టులో మొదలైంది, వారానికి రెండు చిన్న సిట్టింగులు, ఇంట్లోనే. అక్టోబరులో పీఎస్‌ఏటీ, వసంతంలో ఎస్‌ఏటీ రాస్తుంది, స్కోరు చూశాక దాన్ని అడిగే కాలేజీలకు దరఖాస్తు చేయాలా వద్దా అన్నది తేలుస్తాం. మేజరు విషయంలో తండ్రీ కూతుళ్ల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఆయన కంప్యూటర్ సైన్స్ అంటున్నారు, ఆమె ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ అంటోంది, తల్లి డేటా సైన్స్ అని మధ్యే మార్గం చూపుతున్నారు. ప్రీకాలిక్యులస్, ఫిజిక్స్ మొదటి సెమిస్టరు గ్రేడ్లు వచ్చాక, పన్నెండో తరగతి కోర్సుల పత్రం నింపే ముందు, 2026 జనవరిలో ముగ్గురితో మళ్లీ కూర్చోవాలని నిర్ణయించుకున్నాం.